ఏడాది తిండి అటక మీద: సిరియా వంటను మూనె నుంచి చూస్తే

సిరియా తిండి అనగానే షవర్మా, ఫలాఫిల్, హమ్మస్ గుర్తొస్తాయి. ఇవి ఎక్కువగా బజార్లో కొనుక్కునే తిండి. డమాస్కస్‌లోనో అలెప్పోలోనో ఇంటి వంట ఎలా నడుస్తుందో తెలియాలంటే వంటగది పైనున్న అటక ఎక్కి చూడాలి. పాత ఇళ్లలో ఆ అటకను సకీఫె అంటారు. అందులో గాజు సీసాలు, బట్ట సంచులు, డబ్బాలు బారులు తీరి ఉంటాయి. చలికాలానికి దాచుకున్న ఆ సరుకంతటికీ కలిపి ఒకటే పేరు, మూనె. సిరియా వంటల్లో పులుపు, నూనె, ఎండు గింజలు, అక్రోట్ అంతగా ఎందుకు ఉంటాయన్న ప్రశ్నకు సగం జవాబు ఈ అటకలోనే దొరుకుతుంది.

కారణం వాతావరణం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దాదాపు చినుకు పడదు. ఎండ గట్టిగా కాస్తుంది, గాలి పొడిగా ఉంటుంది. పంటలన్నీ ఆ కొద్ది నెలల్లోనే కుప్పలుగా వచ్చిపడతాయి. చలికాలంలో వానలు, లోపలి ప్రాంతాల్లో మంచు. అందుకే దేనికి ఏ నెలో ఇంటింటా లెక్క ఉంటుంది. వసంతంలో జున్ను (చీజ్), ద్రాక్ష ఆకులు, పచ్చి గోధుమల ఫ్రీకె. జూన్‌లో ఖుబానీ. నడివేసవిలో ఉడికించి ఎండబెట్టిన గోధుమ రవ్వ బుర్గుల్, టమాటా గుజ్జు, జనపనార జాతి ఆకుకూర మొలోఖియా. ఎండలు తగ్గుముఖం పడుతుండగా ఎర్ర మిరప గుజ్జు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో మక్దూస్. చివరగా దానిమ్మ పాకం, ఆలివ్ కాయలు.

వీటిలో నేర్పు బయటపడేది మక్దూస్‌లో. బొటనవేలంతో, కాస్త పెద్దవో ఉండే చిన్న వంకాయలను అక్రోట్, ఎర్ర మిరప, వెల్లుల్లితో కూరి ఆలివ్ నూనెలో ఊరబెడతారు. పొద్దుటి ఫలహారంలో రొట్టె, టీతో పాటు ఒక్కొక్కరి పళ్లెంలో ఒకటి రెండు ఉంటాయి. కిలో వంకాయలకు సుమారు 150 గ్రాముల అక్రోట్, అర కిలో పండు మిరపకాయలు, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, రాతి ఉప్పు, సీసాను బట్టి అర లీటరు పైచిలుకు ఆలివ్ నూనె పడతాయి. మిరపకాయలు లావుగా, కారం తక్కువగా ఉన్నవి కావాలి. మన గుంటూరు రకాలు వేస్తే తినడం కష్టం.

కాయల తొడిమ చుట్టూ ఉన్న ఆకుపచ్చ రేకులు తీసేసి, పైన పళ్లెం బరువు పెట్టి పది పన్నెండు నిమిషాలు ఉడికించాలి. బరువు లేకపోతే పైకి తేలిన పక్క ఉడకదు. వేలితో నొక్కితే లోపలికి దిగాలి, కాయ మాత్రం చితకకూడదు. తర్వాత చన్నీళ్లలో వేసి, నిలువునా ఒక గాటు పెట్టి, లోపల ఉప్పు రుద్ది, గాటు కిందికి వచ్చేలా చిల్లుల గిన్నెలో పేర్చి పైన బరువు పెట్టాలి. ఒక రోజు చాలదు, రెండు రోజులుంచడం మంచిది. ఈలోగా మిరపకాయల గింజలు తీసి బరకగా నూరి, ఉప్పు కలిపి నీరు వార్చాలి. అక్రోట్ పొడి కాకూడదు. పంటికి తగిలేలా ముక్కలుగా ఉండాలి. కూరిన కాయలను సీసాలో సందు లేకుండా కుక్కి, ఆ సీసాను ఒక రాత్రంతా పళ్లెంలో బోర్లిస్తారు. ఇన్ని చేశాక కూడా అడుగున నీళ్లు చేరతాయి. ఆ తర్వాతే నూనె. చాకు మొనతో అంచులను కదిపి గాలి బుడగలు తీయాలి. మర్నాడు కాయలు నూనె పీల్చుకుని మట్టం దిగుతుంది కాబట్టి మళ్లీ పోయాలి. రెండు వారాలకు పులుపు తేలుతుంది.

ఆవకాయ జాడీలో తడి గరిటె ఎందుకు పెట్టకూడదో తెలిసినవారికి ఈ తంటా అంతా ఎందుకో చెప్పక్కర్లేదు. కాయలో నీరు మిగిలితే పులియడం అదుపు తప్పి నూనె బుసబుసమని సీసా అంచుల మీంచి పొంగుతుంది. నూనె మట్టం పైకి కాయ తేలితే బూజు పడుతుంది. అక్రోట్ పాతదైతే సీసా మొత్తం కనరు వాసన వేస్తుంది, దానికి విరుగుడు లేదు. ఇటీవల చాలామంది ఆరోగ్యం పేరుతో ఉప్పు తగ్గించి, వెల్లుల్లి మాత్రం దండిగా వేస్తున్నారు. ఇది మంచిది కాదు. బాటులినమ్ అనే ప్రాణాంతక బ్యాక్టీరియా గాలి సోకని చోటే పెరుగుతుంది. నూనె దాన్ని ఆపదు. ఆపేవి ఉప్పు, పులుపే. ఉప్పు తగ్గించదలచుకుంటే సీసాను ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లోనే తినేయాలి, అటక మీద దాచే మాట మరచిపోవాలి.

అటకలో సంచుల వైపు అంతా గోధుమదే. పల్లెల్లో వేసవిలో బుర్గుల్ చేసే రోజు చిన్నపాటి పండగలా ఉంటుంది. పెద్ద గుండిగల్లో గోధుమలు గంటల తరబడి ఉడుకుతుంటే చుట్టుపక్కల పిల్లలు గిన్నెలు పట్టుకుని వస్తారు. ఉడికిన వేడి గోధుమల్లో చక్కెర చల్లి ఇస్తారు. మిగిలినదాన్ని డాబాల మీద ఆరబోసి, ఎండాక పైపొట్టు తీసి, మరలో విరగ్గొట్టి జల్లెడ పడతారు. పెద్ద రవ్వ పులావుకు, సన్నది మాంసంతో కలిపి చేసే కిబ్బెకు, తబ్బూలె అనే సలాడ్‌కు. ముందే ఉడికిన గింజ కాబట్టి పిండి పదార్థం గట్టిపడి ఉంటుంది, పురుగు త్వరగా పట్టదు, సన్న రవ్వయితే పొయ్యి లేకుండానే నానుతుంది. మన బజార్లో దలియా పేరుతో దొరికే పచ్చి గోధుమ రవ్వతో తబ్బూలె చేయబోయి పిండి వాసన వచ్చే సలాడ్ మిగుల్చుకునేది ఈ తేడా తెలియకే. దలియాను ఉడికించక తప్పదు, ఉడికిస్తే మెత్తబడిపోతుంది.

ఫ్రీకె దారి వేరు. గింజలో పాలు గట్టిపడుతూ, ఇంకా పచ్చగా ఉన్నప్పుడే కోసి, కాస్త ఆరనిచ్చి, పొలంలోనే మంట పెడతారు. పైపొట్టు, ముళ్లు కాలిపోతాయి. గింజలో తేమ ఉండడం వల్ల అది మాత్రం మాడదు. కోత నాలుగు రోజులు ఆలస్యమైతే గింజ ఎండి అదీ కాలిపోతుంది. నేల మీద చేసే పని కనుక రాళ్లు కలుస్తాయి. వండే ముందు పళ్లెంలో పోసి ఏరి, మూడు నాలుగు నీళ్లలో కడగాలి. కప్పు ఫ్రీకెకు రెండున్నర కప్పుల మాంసం ఉడికించిన నీళ్లు సరిపోతాయి. ఆ పొగ వాసనే దాని గొప్పతనం. పెళ్లిళ్లలో, గౌరవించాల్సిన అతిథులు వచ్చినప్పుడు గొర్రె మాంసంతో వడ్డిస్తారు.

గోధుమకు సిరియా జీవితంలో మతాల ఎల్లలు లేవు. పసిబిడ్డకు మొదటి పన్ను వచ్చినప్పుడు ఉడికిన గోధుమల్లో చక్కెర, పప్పులు కలిపి ఇరుగుపొరుగుకు పంచుతారు. డిసెంబర్ 4న సెయింట్ బార్బరా రోజున క్రైస్తవుల ఇళ్లలో ఇంచుమించు అదే గిన్నె, సోంపు, దాల్చినచెక్క వాసనలతో.

బుర్గుల్, మాంసం కలిస్తే కిబ్బె. అలెప్పోవాళ్లు దీనిలో డజన్ల రకాలున్నాయంటారు. లెక్క ఎవరి నోట విన్నా ఒకేలా ఉండదు గానీ వేయించింది, కాల్చింది, పళ్లెంలో పరిచి ఓవెన్‌లో చేసింది, పెరుగులో ఉడికించింది, క్విన్స్ పండుతో దానిమ్మ పులుసులో వేసింది, సుమాక్ అనే పుల్లటి ఎర్ర పండ్ల పొడి పులుసులోది, పచ్చిదే తినేది, ఇవన్నీ నిజంగానే వేర్వేరు వంటలు. వేయించే కిబ్బెకు కొవ్వు, నరాలు పూర్తిగా తీసేసిన గొర్రె మాంసం, సన్న బుర్గుల్ సమాన బరువులో తీసుకుంటారు. బుర్గుల్‌ను కడిగి, నీళ్లు పూర్తిగా పిండేసి అరగంట ఉబ్బనివ్వాలి. ఉల్లిపాయ, ఉప్పు, మసాలాతో కలిపి రెండుసార్లు మరలో వేసి, మంచు నీళ్లు చిలకరిస్తూ పిసకాలి. పూర్వం ఈ పని రాతి రోట్లో రోకలితో జరిగేది. కోడిగుడ్డంత ముద్ద తీసుకుని, చూపుడువేలు లోపలికి దించి తిప్పుతూ గోడను పలచన చేస్తారు. ముందే వండి చల్లార్చిన కూర నింపి, తడి చేత్తో మూసి, రెండు కొసలూ మొనదేలుస్తారు. పైచుట్టు ఎంత పలచగా ఉంటే చేతికి అంత పేరు. కాబోయే కోడలి చేతి నేర్పును కిబ్బెతో తూకం వేసిన రోజులు ఉండేవి.

నూనెలో పగలడమే దీని అసలు సమస్య. కారణాలు తేలిగ్గానే పట్టుకోవచ్చు. పైచుట్టు మాంసంలో కొవ్వు మిగిలితే అది కరిగి గోడలో సందులు పడతాయి. లోపలి కూర వేడిగా ఉంటే ఆవిరి తన్ని విచ్చుకుంటుంది. పిసికేటప్పుడు ముద్ద వెచ్చబడితే పట్టు పోతుంది, అందుకే మంచు నీళ్లు. చేసినవాటిని అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, 175–180 డిగ్రీల నూనెలో నాలుగైదు చొప్పున వేయాలి. ఒకేసారి ఎక్కువ వేస్తే నూనె చల్లబడి అవి నానిపోతాయి.

పులుపు విషయంలో సిరియా వంటవాళ్లు చాలా పట్టుదల మనుషులు. దానిమ్మ పాకం, సుమాక్, చింతపండు, నిమ్మ, పచ్చి ద్రాక్ష రసం, పుల్లటి చెర్రీ, పెరుగు, దేనికి ఏది వేయాలో మార్చనివ్వరు. అలెప్పోలో చెర్రీ కబాబ్‌కు మామూలు తియ్యటి చెర్రీ పనికిరాదు. చిన్నగా, చేదు పులుపు కలిసిన స్థానిక రకమే కావాలి. అక్రోట్, మిరప గుజ్జు, రొట్టె పొడితో చేసే ముహమ్మరాకు దానిమ్మ పాకమే వేయాలి, నిమ్మ పిండితే అది వేరే వంట. ఈ పాకానికి పుల్ల దానిమ్మ రసం తప్ప మరేమీ అక్కర్లేదు. ఇద్లిబ్ ప్రాంతంలోని దర్కూష్ ఈ పండ్లకు పేరు పొందింది. గింజలను మిక్సీలో నూరకుండా పిండాలి, లోపలి పలుకు నలిగితే చేదు దిగుతుంది. వెడల్పాటి పాత్రలో, అల్యూమినియం కాకుండా చూసుకుని, లీటరు రసం పావు లీటరు దాకా మరగాలి. గరిటె వెనుక పలచగా అంటుకున్నప్పుడే దించాలి. చల్లారాక ఇంకా చిక్కబడుతుందని మరచి పొయ్యి మీదే చిక్కబరిస్తే మర్నాడు సీసాలోంచి రాదు, రుచి కూడా మాడు చేదు. దుకాణాల్లో చవకగా దొరికే సీసాల మీద ముందు చక్కెర, తర్వాత సిట్రిక్ ఆమ్లం పేర్లుంటే అది రంగు వేసిన పాకమే.

పెరుగును ఉడికించి వండడం మన మజ్జిగపులుసు తెలిసినవారికి వింత కాదు. షాక్రియె అనే మాంసం వంటలో, పెరుగు కిబ్బెలో కిలో పెరుగుకు ఒక గుడ్డు, రెండు చెంచాల మొక్కజొన్న గంజిపిండి (కార్న్‌ఫ్లోర్) వేసి, పొయ్యి మీద పెట్టక ముందే గిలక్కొట్టి, మరిగేదాకా ఆపకుండా ఒకే వైపు కలుపుతారు. వైపు మారితే విరుగుతుందన్నది నమ్మకం. అసలు పని చేసేది పిండి. పులుపులో వేడి తగిలితే పాల ప్రోటీన్లు ముద్దలు కట్టకుండా అది అడ్డుపడుతుంది. కలపడం ఆపితే అడుగున వేడి ఎక్కువై విరగడం మాత్రం నిజమే. ఉప్పు చివర్లో వేస్తారు, మూత పెట్టరు. డమాస్కస్ ఇళ్లలో హిజ్రీ కొత్త సంవత్సరం రోజున ఇలాంటి తెల్లటి వంట చేయడం ఆనవాయితీ. ఏడాదంతా తెల్లగా, హాయిగా గడవాలని.

రొట్టె సంగతికొస్తే సిరియాలో అది అన్నంతో సమానం. కింద పడిన ముక్కను తీసి, ముద్దాడి, కాలు తగలని ఎత్తులో పెడతారు. ఎండిపోయిన రొట్టెను పారేయరు. దానితోనే ఫత్తూష్ సలాడ్, దానితోనే ఫత్తె. శుక్రవారం పొద్దున డమాస్కస్‌లో ఫూల్ (ఉడికించిన బాకలా చిక్కుడు గింజలు), ఫత్తె దుకాణాల ముందు గిన్నెలు పట్టుకుని నిలబడతారు. రాత్రంతా వంటసోడా చిటికెడు వేసి నానబెట్టిన శనగలు ఉడికించి, ఆ వేడి నీళ్లతోనే రొట్టె ముక్కలను తడుపుతారు. పైన నువ్వుల ముద్ద కలిపిన పెరుగు, శనగలు, ఆఖరున పైన్ గింజలు వేయించిన నెయ్యి చుయ్యిమనేలా పోస్తారు. ఆ చప్పుడు వినపడ్డాకే చెయ్యి పెట్టాలి, ఐదు నిమిషాలు ఆగితే రొట్టె జావవుతుంది.

రంజాన్‌లో ఇఫ్తార్‌కు కాస్త ముందు వీధుల్లో పళ్లేలు పట్టుకున్న పిల్లలు అటూ ఇటూ పరిగెడుతుంటారు. ప్రతి ఇంటి వంటలో కొంత పక్కింటికి వెళ్తుంది, దీన్ని సక్బె అంటారు. వచ్చిన పళ్లెం ఖాళీగా తిరిగి వెళ్లదు. ఒక వంట చేసిన ఇంట్లో నాలుగు వంటలు తినడం అలా కుదురుతుంది. ఎవరికి లేదో వాళ్లు చెయ్యి చాచకుండానే వాళ్లింటికి తిండి చేరుతుంది. డమాస్కస్ చుట్టూ ఉన్న గూతా తోటల ఖుబానీలతో చేసే తాండ్ర కమరుద్దీన్‌ను నీళ్లలో కరిగించి ఇఫ్తార్‌కు తాగుతారు. ఈద్‌కు ముందు రాత్రుల్లో ఆడవాళ్లు గుంపుగా కూర్చుని మఅమూల్ చేస్తారు. గోధుమ రవ్వ, నెయ్యి పిండిలో పిస్తా, అక్రోట్ లేదా ఖర్జూరం కూరి, చెక్క అచ్చుల్లో అద్దుతారు. అచ్చును బట్టి లోపల ఏముందో తెలుస్తుంది. అడవి చెర్రీ గింజల పప్పు మహలబ్ వాసన లేనిది మఅమూల్ అనిపించుకోదు. చావింట మాత్రం చక్కెర లేని చేదు కాఫీ తిరుగుతుంది.

ఈ వంటలు లెబనాన్‌వా, తుర్కియె (టర్కీ)వా, సిరియావా అన్న తగవు ఇంటర్నెట్‌లో ఎడతెగదు. ఇప్పుడు తుర్కియెలో ఉన్న గాజియాంతెప్ ఒట్టోమన్ కాలంలో అలెప్పో విలాయెత్‌లో, అంటే రాష్ట్రంలో, భాగం. సరిహద్దులు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతివి, మిరప గుజ్జు అంతకు ముందుది. 1915 తర్వాత అలెప్పో చేరిన అర్మేనియన్లు తెచ్చిన సుజుక్ (మసాలా సాసేజ్), బస్తుర్మా (మసాలా పట్టించి ఎండబెట్టిన మాంసం)లను అలెప్పో నుంచి వేరు చేసి చెప్పడం ఇప్పుడు కుదరదు. స్వేదా, సలమియ్యె వైపు ఇళ్లలో గొట్టంతో పీల్చే మాతె అనే ఆకుల కషాయం అర్జెంటీనాకు వలస వెళ్లి తిరిగొచ్చినవారి అలవాటు.

2011 తర్వాతి యుద్ధం ముందు దెబ్బతీసింది రొట్టెనే. 2012 ఆగస్టులో అలెప్పోలో బేకరీల ముందు వరుసల్లో నిలబడ్డవారిపై జరిగిన దాడులను హ్యూమన్ రైట్స్ వాచ్ నమోదు చేసింది. అదే ఏడాది డిసెంబర్ 23న హమా దగ్గరి హల్ఫాయాలో బేకరీ మీద బాంబు పడి పదుల మంది చనిపోయారు. యుద్ధానికి ముందు ఏటా సుమారు 40 లక్షల టన్నుల గోధుమ పండించిన దేశం దిగుమతుల మీద ఆధారపడింది. ప్రభుత్వ ధరకు దొరికే రొట్టెల కట్ట, రబ్తాకు, 2020 నుంచి ఎలక్ట్రానిక్ కార్డు పెట్టారు. 2024 డిసెంబర్‌లో అసద్ ప్రభుత్వం కూలాక సబ్సిడీ తగ్గి కట్ట ధర 400 నుంచి 4,000 లీరాలకు చేరింది.

మూనె మీద పడిన దెబ్బ అంత తొందరగా కనపడేది కాదు. కరెంటు నిలకడగా ఉన్న దశాబ్దాల్లో పట్టణాల ఇళ్లు ఎండబెట్టడం తగ్గించి బఠాణీ, పచ్చి బాకలా గింజలు, మొలోఖియాను డీప్ ఫ్రీజర్లలో దాచడం మొదలుపెట్టాయి. రోజుకు రెండు మూడు గంటలే కరెంటు వచ్చే పరిస్థితిలో ఆ ఫ్రీజర్లు ఉత్త పెట్టెలయ్యాయి. మళ్లీ దారాలకు గుచ్చి ఎండబెట్టిన వంకాయ తొక్కలు, బెండకాయలు, ఉప్పు నీళ్ల జున్ను వచ్చాయి. మక్దూస్‌లో అక్రోట్ బదులు వేరుశనగ, ఆలివ్ నూనెలో సగం సన్‌ఫ్లవర్ చేరాయి. వేరుశనగ పలుకులు నూనెలో త్వరగా మెత్తబడతాయి. అలాంటి సీసా చలికాలం చివరిదాకా నిలవదు, ముందే తినేయాలి.

విత్తనాలకూ వలస తప్పలేదు. మెట్ట ప్రాంతాల పంటల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇకార్డా 1977లో మొదలై, అలెప్పో దగ్గర తల్ హద్యాలో ఉండేది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కు అది సోదర సంస్థ. కాబూలీ శనగ మీద రెండూ కలిసి అక్కడే పరిశోధన చేశాయి. యుద్ధంలో ఆ కేంద్రం చేజారడంతో, ముందుజాగ్రత్తగా నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారంలో దాచిన తన విత్తనాల నకళ్లను 2015లో వెనక్కి తీసుకున్నారు. ఆ భాండాగారం నుంచి విత్తనాలు బయటికి రావడం అదే మొదటిసారి. వాటిని లెబనాన్, మొరాకోలలో మళ్లీ పండించి, 2017 నుంచి తిరిగి నార్వేకు పంపుతూ వచ్చారు.

అలెప్పో మిరప కూడా సరిహద్దు దాటింది. ఇవాళ ప్రపంచ బజార్లో ఆ పేరుతో దొరికేదాంట్లో చాలా భాగం దక్షిణ తుర్కియెలో పండుతోంది. కొనేటప్పుడు చూడాల్సినవి కొన్నే. రంగు ఇటుక ఎరుపు నుంచి ముదురు ఎరుపు మధ్య ఉండాలి. గింజలు దాదాపు ఉండకూడదు, ఉంటే తూకం కోసం కలిపినట్టే. వేళ్ల మధ్య నలిపితే కాస్త జిడ్డు, ఉప్పదనం తెలియాలి, ఎందుకంటే ఎండిన పెచ్చులకు కొద్దిగా నూనె, ఉప్పు పట్టిస్తారు. కారం మన మిరపపొడిలో చిన్న వంతే కాబట్టి చెంచాల లెక్కన వేసుకోవచ్చు. నూనె ఉండడం వల్ల వేసవిలో గది వేడికి కనరెక్కుతుంది. బిగువు మూత సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే ఏడాది నిలుస్తుంది.